మూత ఉష్ణీకరణ సహాయకుడు

కొర్రా బొంజుబాబు తన జన్మలో చేసిన పెద్ద తప్పు ఒక్కటే. జరిగింది జరిగినట్టు రాశాడు.

పొగమెట్ట అనే కొండమీది ఊళ్ళో గిరి ప్రాంత సమగ్ర సమన్వయ సంస్థ అని ఒక సర్కారు ఆఫీసు ఉంది. అది దేన్ని దేనితో సమన్వయం చేస్తుందో లోపలివాళ్ళు ఎప్పుడూ అడగలేదు, బయటివాళ్ళకి అడిగే అవసరం రాలేదు. ఒక డిప్యూటీ డైరెక్టరు, ఒక సూపరింటెండెంటు, ఒక జీపు, పదకొండు బీరువాలు ఉన్నాయి కాబట్టి సంస్థ నడుస్తున్నట్టే లెక్క. నిజానికి వాటిలో నడిచేది జీపొక్కటే. దాన్ని పంతొమ్మిదేళ్ళుగా నడుపుతున్నవాడు బొంజుబాబు.

జీపుకి లాగ్‌బుక్కు ఉండేది. అందులో చివర 'రిమార్కులు' అని ఒక గడి. లోకంలో డ్రైవర్లందరూ ఆ గడిలో 'లేవు' అని రాస్తారు. బొంజుబాబు మాత్రం 'ఆరో మలుపులో కోడి అడ్డొచ్చింది, ఆగాను, అది వెళ్ళాక వెళ్ళాను' అని రాసేవాడు. 'డీడీ గారికి ఘాట్ రోడ్డులో వాంతులు, రెండుసార్లు, రెండోది పెద్దది' అని రాసేవాడు. పంతొమ్మిదేళ్ళలో ఆ గడిని ఎవరూ చదవలేదు. అందుకే ఉద్యోగం నిలబడింది.

ఆ ఏడు పైవాళ్ళకి పచ్చదనం పట్టుకుంది. ప్రతి ఆఫీసుకీ ఒక ఎలక్ట్రిక్ కారు ఉండి తీరాలన్నారు. జీపుని లాక్కుపోయి, తెల్లటి కారొకటి తెచ్చి నిలబెట్టారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి, బంతిపూల దండేసి, గుమ్మడికాయ కొట్టి మరీ దింపుకున్నారు.

కారుతోపాటు మూడు ఉత్తర్వులు కూడా దిగాయి. ఇకమీదట లాగ్‌బుక్కు ఫోన్లో ఉంటుంది, డ్రైవరు రాసిన ప్రతి అక్షరం ఆ నిమిషంలోనే హెడ్డాఫీసు చేరుతుంది. డ్రైవరు పొద్దున్నే ఫోన్ మీద వేలిముద్ర వెయ్యాలి, బండి గనక ఇరవయ్యొక్క రోజులు వరసగా కిలోమీటరైనా కదలకపోతే ఆ డ్రైవరు అక్కర్లేదన్నమాట, పోస్టు రద్దు. ఇక మూడోది, బ్యాటరీకి ఎండ పడదు కాబట్టి తెల్లారి అయిదు నుంచి ఏడు దాకా, ఆ చల్లని వేళల్లోనే చార్జింగు. ఏడు కొట్టగానే గోడకున్న చార్జింగు పెట్టె తనే ఆరిపోతుంది.

ఈ మూడో ఉత్తర్వు మైదానంలో, మే నెలలో, కరెంటు పోయిన మధ్యాహ్నం, చెమట తుడుచుకుంటూ ఎవరో మహానుభావుడు రాసింది. ఆయన ఊహలో రాష్ట్రమంతా ఉడికిపోతోంది. పొగమెట్టలో డిసెంబరు వస్తే తెల్లారుజామున గడ్డిమీద మంచు ఉప్పు చల్లినట్టు పేరుకుంటుందని ఆయనకి ఎవరు చెప్తారు?

డిసెంబరు పదకొండున మంచు పడింది. అయిదున్నరకి బొంజుబాబు గొంగళి కప్పుకుని కారు దగ్గరికొచ్చాడు. కారు ఎడమపక్క వెనకాల, చార్జింగు వైరు గుచ్చే కన్నానికి అరచేతంత మూత ఒకటి ఉంటుంది. దాన్ని నొక్కితే టక్కున తెరుచుకోవాలి. నొక్కాడు. తెరుచుకోలేదు. అంచుల చుట్టూ మంచు గడ్డకట్టి సీలు వేసినట్టు పట్టేసింది.

ఆఫీసు గేటు పక్కనే పాంగి చిలకమ్మ టీ బడ్డీ. ఆమె బొంజుబాబుకి చుట్టరికంలో అక్క, మాటల్లో మాత్రం అత్తగారు.

"ఏట్రా బొంజూ, కారుకి సక్కిలిగింతలు పెడతన్నావేటి?" అంది అక్కడినుంచే.

"మూత రాటం నేదప్పా. మంచుకి బిగిసిపోనాది."

చిలకమ్మ బడ్డీలోంచి కెటిల్ తెచ్చింది. అందులో గోరువెచ్చటి నీళ్ళు. అంచుల వెంట సన్నగా ధార పోసి, కొంగుతో తుడిచి, అరచేత్తో ఒక్కటి తట్టింది. టక్. మూత తెరుచుకుంది. మొత్తం ముప్పావు నిమిషం.

"గేదెకి పొదుగు కడిగినట్టే. దీనికింత ఆలోసనేటి?" అని వెళ్ళిపోయింది.

కారు ఏడింటిదాకా చార్జింగు తాగి అరవయ్యొక్క శాతానికొచ్చింది. బొంజుబాబు తృప్తిగా ఫోన్ తీసి రిమార్కుల గడిలో రాశాడు: 'మంచుకి మూత బిగుసుకుంది. గోరువెచ్చని నీళ్ళు పోసి తీశాము.'

పదకొండింటికి సూపరింటెండెంటు ముక్కామల యజ్ఞేశ్వరి గారు పిలిపించారు. ఆవిడ ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఒక్క ఫైలు పోగొట్టలేదు, ఒక్కటి ముగించనూ లేదు.

"బొంజుబాబూ, ఈ నీళ్ళు ఎవరివి?"

"సిలకమ్మప్పవండి."

"ప్రైవేటు నీళ్ళు." రాసుకున్నారు. "కెటిలు?"

"అదీ ఆవిడిదేనండి."

"ప్రైవేటు కెటిలు. నీళ్ళు దేనిమీద కాచారు?"

"కట్టెల పొయ్యి మీదండి."

ఆవిడ కలం కింద పెట్టేశారు. "కట్టెల పొయ్యా! కాలుష్యరహిత వాహనం మూతని కట్టెల పొగ పెట్టి కాచిన నీళ్ళతో తెరిచావా? ఇది హెడ్డాఫీసులో చదివారయ్యా! వాహనానికి నీటిప్రయోగం ఎవరి అనుమతితో జరిగింది అని అడుగుతున్నారు. నువ్వు తెరిచింది మూత అనుకుంటున్నావు. కాదు, ఒక ఫైలు."

"మేడమ్, పది దాటి ఎండొస్తే అదే తెరుసుకుంటాదండి."

"పదింటికి చార్జింగు ఉందా?"

"నేదండి."

"మరి తెరుచుకుని ఏం లాభం? అనవసరంగా ఆశ పెట్టడం కాకపోతే!"

సాయంత్రానికి మెమో వచ్చింది. విచారణ పూర్తయ్యేవరకు సదరు మూతను ఎవరూ తెరవరాదు, తెరిపించరాదు, తెరవడానికి పురికొల్పరాదు. విచారణలో ఉన్న వాహనం కదలరాదు.

"అంటే మేడమ్, బండి కదలకపోతే ఇరవయ్యొక్క రోజులకి నా ఉజ్జోగం..."

"అది వేరే సెక్షన్" అన్నారు యజ్ఞేశ్వరి గారు జాలిగా. "అది చూసేవాళ్ళు వేరు."

బొంజుబాబు వేళ్ళు మడిచి లెక్క మొదలుపెట్టాడు. ఉద్యోగం పోతే ఇంటికెళ్ళి అల్లం తవ్వుకోవడమే. అల్లం మీద అతనికి కోపం లేదు. కానీ అల్లానికి పద్నాలుగు మలుపులు ఉండవు, ఎదురుగా బస్సొస్తే హారన్ కొట్టే అవకాశమూ ఉండదు.

డిప్యూటీ డైరెక్టరు తాళ్ళూరి విశ్వమోహన్ గారు మైదానం మనిషి. డిసెంబరు వచ్చాక ఆయన మొహంలో కళ్ళు తప్ప తక్కినవి ఎవరూ చూడలేదు, మిగతా అంతా మంకీ క్యాపే. మెమో చదివి ఆయన ఒక గొప్ప విషయం కనిపెట్టారు. ఈ కారు కదలకూడదని ఉంది గానీ అందులో కూర్చోకూడదని లేదు. కారులో హీటరుంది, ఆఫీసులో లేదు. తాళం తీసుకుని, వెనకసీట్లో ఫైళ్ళు పేర్చుకుని, పదిన్నర నుంచి అయిదు దాకా అక్కడే కొలువు తీరారు. సంతకాలకి వచ్చినవాళ్ళు అద్దం మీద తట్టాలి. అద్దం రెండంగుళాలు దిగుతుంది, కాగితం లోపలికి పోతుంది, వెచ్చగా తిరిగొస్తుంది.

కారు అంగుళం కదలలేదు. చార్జింగు మాత్రం అరవయ్యొకటి నుంచి యాభై మూడుకీ, అక్కణ్ణుంచి నలభై నాలుగుకీ దిగుతూ వచ్చింది.

"సార్, బేటరీ అయిపోతందండి" అన్నాడు బొంజుబాబు అద్దం సందులోంచి.

"నో ప్రాబ్లమ్. చార్జ్ అయిపోతే చార్జ్ పెట్టు."

"మూత తియ్యకూడదండి."

"కరెక్ట్. తియ్యకు" అని ఆయన అద్దం ఎత్తేశారు.

ఏడో రోజున కమిటీ వచ్చింది. ముగ్గురు సభ్యులు, ఒక అధ్యక్షుడు. అధ్యక్షుడు డాక్టర్ ప్రభంజన్ శీతల పదార్థాల నిపుణుడు. మంచుతో ఆయనకున్న పరిచయం గాజు గ్లాసులో వేసుకునేదాకానే. ఘాట్ రోడ్డు ఎక్కి, మధ్యలో నాలుగుచోట్ల ఆగి, కడుపులు ఖాళీ చేసుకుని, పదకొండున్నరకి దిగారు. అప్పటికి ఎండ చుర్రుమంటోంది. డాక్టరు గారు మూత దగ్గరికెళ్ళి చూపుడువేలితో నొక్కారు. టక్. తెరుచుకుంది.

"ఎక్కడయ్యా సమస్య?"

"మంచు కరిగిపోనాదండి" అన్నాడు బొంజుబాబు. "గెస్టవుస్‌లో తొంగుని, తెల్లారి అయిదింటికి లేసి సూడండి. రాయిలాగుంటాది."

నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అయిదింటికి లేవాలన్న మాట విని ఒక సభ్యుడు తుమ్మాడు.

"చూడు బాబూ" అన్నారు డాక్టర్ ప్రభంజన్ ఓర్పుగా. "ఈ కమిటీ ఆఫీసు వేళల్లో పరిశీలించడానికి ఏర్పాటైంది. కమిటీ సమక్షానికి మంచు రావాలి. మంచు సమక్షానికి కమిటీ వెళ్ళడం సంప్రదాయం కాదు."

తప్పుడు ఫిర్యాదు చేసి నలుగురు అధికారుల్ని కొండెక్కించినందుకు సంజాయిషీ ఇమ్మని బొంజుబాబుకి రెండో మెమో వచ్చింది. అతను పట్టుదలగా మర్నాడు అయిదింటికి మూత చుట్టూ ఉన్న మంచుని చెంచాతో గీకి టిఫిన్ డబ్బాలో వేసి యజ్ఞేశ్వరి గారి బల్లమీద పెట్టాడు. సాక్ష్యాన్ని అలా తెరిచి ఉంచకూడదన్నారావిడ. లక్క కాచి, డబ్బాకి నాలుగువైపులా వేడివేడిగా సీలు వేయించారు. హెడ్డాఫీసులో విప్పి చూసి, 'సమర్పించిన మంచు ద్రవరూపంలో ఉన్నది. మంచు అని చెప్పుటకు ఆధారములు లేవు. టిఫిన్ డబ్బా అడుగున పులిహోర మెతుకు ఒకటి కలదు' అని రాసి పంపారు.

"ఆ మెతుకు కూడా రాసేసినారా?" అంది చిలకమ్మ. "నీ జాతోళ్ళే ఉన్నారక్కడ."

పద్నాలుగో రోజుకి డాక్టర్ ప్రభంజన్‌కి శాస్త్రీయమైన ఆలోచన వచ్చింది. పొగమెట్ట మంచు ఆఫీసు వేళలు పాటించడం లేదు కాబట్టి, పాటించే మంచుని తెప్పించాలి. విశాఖపట్నం చేపల రేవు నుంచి లారీలో పన్నెండు దిమ్మల ఐసు బయల్దేరింది. ఊక కప్పుకుని, చుక్కలు కార్చుకుంటూ, పద్నాలుగు మలుపులూ ఎక్కి, మంచుకి పేరుపడ్డ ఊరికి మధ్యాహ్నం ఒంటిగంటకి మంచు చేరింది. దాని వెనకాలే ఊళ్ళో పిల్లులన్నీ చేరాయి.

"ఓలమ్మో ఓలమ్మ" అని చిలకమ్మ గుండెమీద చెయ్యేసుకుంది. "సముద్రానికి ఉప్పు మోసినట్టుంది యవ్వారం!"

ఐసు దిమ్మల్ని కారు ఎడమపక్క గోడలా పేర్చి పైన టార్పాలిన్ కప్పారు. కానీ ఒక చిక్కొచ్చింది. డీడీ గారు లోపలే ఉన్నారు. ఈపక్క ఐసు గడ్డకట్టించబోతుంటే ఆపక్కనుంచి హీటరు కరిగించేస్తోంది. యజ్ఞేశ్వరి గారు వెళ్ళి అద్దం తట్టారు.

"సార్, పరీక్ష కోసం తమరు కాస్త దిగితే..."

"నన్ను దిగమని కమిటీ టెర్మ్స్‌లో ఉందా?"

వెతికారు. లేదు. అందుకని పరీక్ష సాగించారు. బయట ఒక సర్కారు చల్లబరుస్తుంటే లోపల ఇంకో సర్కారు వేడిచేస్తూ, రెండూ తగ్గకుండా, రెండు గంటలపాటు పోరాడాయి. చలికి ఒక సభ్యుడి పెదాలు నీలంగా మారాయి. పిల్లులు టార్పాలిన్ కిందకి దూరి నిరాశతో బయటికొచ్చాయి. మూడుంపావుకి బ్యాటరీ మూడు శాతానికి పడిపోయి హీటరు తనే ఆగింది. ఇంకో పావుగంటకి కుడివైపు తలుపు తీసుకుని డీడీ గారు వణుకుతూ దిగి, పడిశంతో ఆరు వారాలు సెలవు పెట్టి వెళ్ళిపోయారు. అప్పుడు రెండు బస్తాల కల్లుప్పు దట్టించారు. నాలుగింటికల్లా మూత బండలా బిగుసుకుంది.

డాక్టర్ ప్రభంజన్ బొటనవేలితో నొక్కారు. రాలేదు. రెండు చేతులతో నొక్కారు. రాలేదు. నలుగురూ కలిసి నొక్కారు. ఊహూ.

కమిటీ చప్పట్లు కొట్టింది. పొగమెట్టలో ఒక వస్తువు పనిచెయ్యనందుకు మనుషులు ఇంత సంతోషించడం అదే మొదలు.

"నిరూపితం!" అన్నారు డాక్టరు గారు. "చల్లదనం వల్ల మూత తెరుచుకోదు."

"ఈ ముక్క నాను మొదటి దినమే రాసినానండి" అన్నాడు బొంజుబాబు.

"నువ్వు రాశావు. మేం నిరూపించాం. తేడా లేదా?"

నివేదిక అరవై నాలుగు పేజీలొచ్చింది. సారాంశం అరవై మూడో పేజీలో ఉంది: ముప్పై ఎనిమిది డిగ్రీల వెచ్చదనం గల నీటిని, పావు లీటరుకు మించకుండా, మూత అంచుల వెంట ఎడమ నుంచి కుడికి పోసి, పొడిగుడ్డతో తుడిచి, అరచేతితో ఒకసారి తట్టవలెను. ఈ కార్యమునకు 'మూత ఉష్ణీకరణ సహాయకుడు' అను పోస్టును తక్షణమే మంజూరు చేయవలెను.

బొంజుబాబు అది చదివి వినిపిస్తుంటే చిలకమ్మ టీ వడపోస్తూ నిలిచిపోయింది. "గోరెచ్చటి నీల్లు పోసి తట్టమన్నారా?"

"అదేనప్పా."

"కొంగుతోటి తుడవమన్నారా?"

"పొడిగుడ్డన్నారు."

"అదొకటి సదువుకున్నోల్లు కొత్తగా కనిపెట్టినారు" అంది.

ఇరవయ్యొకటో రోజున బొంజుబాబుకి రెండు కవర్లు వచ్చాయి. ఒక దాంట్లో, 'బండి కదలనందున డ్రైవరు అవసరము లేదని తేలినది, మీ పోస్టు రద్దు' అని ఉంది. పంతొమ్మిదేళ్ళు ఘాట్ రోడ్డు తిప్పిన చేతులతో ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. రెండోది కొత్త పోస్టుకి నోటిఫికేషను, ఆఫీసు గోడకి అంటించమని. చలికాలం పోయేలోగా భర్తీ చెయ్యాలని కింద ఎర్ర సిరాతో గీత గీశారు. అంటించమన్నది డ్రైవరుకే. డ్రైవరు పోస్టు లేదు కాబట్టి అంటించాలా వద్దా అని రెండు నిమిషాలు ఆలోచించి, మైదాపిండి ఉడకబెట్టుకొచ్చి అంటించాడు. అంటిస్తూ చదివాడు. అర్హత: మంచుతో బిగుసుకున్న ఎలక్ట్రిక్ వాహన మూతను వెచ్చని నీటితో తెరిచిన అనుభవము. లిఖితపూర్వక ఆధారము తప్పనిసరి.

ఇంటర్వ్యూకి మైదానం నుంచి పదిహేడుమంది వచ్చారు. ఇద్దరు ఎంటెక్కులు. ఒకతను వేడిమి మీద పరిశోధన చేసి బంగారు పతకం తెచ్చుకున్నవాడు. వాళ్ళెవరి దగ్గరా మూత తెరిచినట్టు రాతకోతలు లేవు. బొంజుబాబు వంతు వచ్చింది.

"అనుభవం?" అన్నారు డాక్టర్ ప్రభంజన్.

బొంజుబాబు మొదటి మెమో తీసి బల్లమీద పెట్టాడు. అనుమతి లేకుండా వెచ్చని నీళ్ళు పోసి సర్కారు మూత తెరిచాడని, సంతకంతో, సీలుతో, తారీఖుతో ఉంది.

యజ్ఞేశ్వరి గారు దాన్ని రెండుసార్లు తిప్పి చూశారు. "సార్, ఇది నేను జారీ చేసిందే. జెన్యూన్."

"రాష్ట్రంలో ఈ అనుభవం ఇంకెవరికైనా ఉందా?"

"రికార్డు ప్రకారం ఎవరికీ లేదండి."

బంగారు పతకం కుర్రాడు ఏడుపుమొహంతో బస్సెక్కాడు. జనవరి మధ్యకల్లా బొంజుబాబు మళ్ళీ అయిదింటికి గొంగళి కప్పుకుని కారు దగ్గర నిలబడ్డాడు. కారు తెరిచి ఉంటేనే మూత తెరుచుకుంటుంది కాబట్టి తాళం కూడా అతనికే ఇచ్చారు, 'మూత నిమిత్తము మాత్రమే' అని చీటీ కట్టి. నీళ్ళు ఎడమ నుంచి కుడికి పోసేవాడు. తుడిచేవాడు. తట్టేవాడు. టక్. ఏడింటిదాకా తెరిచిన మూత పక్కన నిలబడి, ఏడు కొట్టగానే మూసేసేవాడు.

చార్జింగు వైరు గోడకి వేలాడుతూ ఉండేది, చెయ్యి చాపితే అందేంత దూరంలో. దాన్ని గుచ్చడం డ్రైవరు పని. డ్రైవరు పోస్టు రద్దయింది.

మూడురోజులు చూసి చిలకమ్మ ఉండబట్టలేకపోయింది. "ఏరా, ఇస్తరాకేసినారు, నీల్లు సల్లినారు, కూడు పక్కనే ఉంది. నోట్లో ఎట్టేవోడే నేడన్నమాట?"

"నా పని మూత వొరకేనప్పా."

"ఓహో! మరి మూత తీసి నువ్వేటి సూస్తన్నావు? దాని కొండనాలిక సూస్తన్నావా?"

బొంజుబాబు అటు చూశాడు, ఇటు చూశాడు. మంచులో ఆఫీసు కనబడటం లేదు, అంటే ఆఫీసుక్కూడా తను కనబడడు. వైరు తీసి గుచ్చాడు.

ఆ తప్పు రోజూ చేశాడు. మూడు శాతం పదమూడయింది, ఇరవై మూడయింది. డీడీ గారు ఇంకా పడిశంలోనే ఉన్నారు కాబట్టి చార్జింగుని తాగేసేవాళ్ళెవరూ లేరు. పదోరోజుకి కారు నూటికి నూరు నిండింది. నిండిన బండిని ఊరికే నిలబెట్టడం అంటే పాలు చేపిన గేదెని పిదక్కుండా కట్టేసినట్టే. ఆ రోజు ఆదివారం. ఆరింటికి బొంజుబాబు మూత మూసి, చేతులు తుడుచుకుని, సీట్లో కూర్చున్నాడు. చీటీ తీసి జేబులో పెట్టుకున్నాడు.

చప్పుడు లేకుండా కారు గేటు దాటింది. జీపైతే ఈపాటికి ఊరందరికీ తెలిసిపోయేది. ఒకటో మలుపు దగ్గర అతని చేతులకి ఇంకా గుర్తుందని తెలిసింది. రెండో మలుపుకి మంచు పల్చబడింది. ఏడో మలుపు దగ్గర కింద లోయంతా తెల్లటి మబ్బు నిండి ఉంటే ఒక నిమిషం ఆగి, ఎదురుగా ఏమీ రాకపోయినా హారన్ ఒకటి కొట్టి, వెనక్కి తిప్పాడు. పోను ఏడు కిలోమీటర్లు, రాను ఏడు. కారుని ఎప్పటి గుర్తుల మీదే నిలబెట్టాడు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. రిమార్కుల గడి ఖాళీగా రమ్మని పిలిచింది. ఫోన్ జేబులో పెట్టేశాడు.

అతను రాయలేదు గానీ కారు రాసుకుంది. డ్రైవరు వేలిముద్ర పడలేదు కాబట్టి, సోమవారం పొద్దున్న హెడ్డాఫీసు తెరమీద పొగమెట్ట వరస ఇలా ఉంది: దూరం పద్నాలుగు కిలోమీటర్లు. డ్రైవరు: ఎవరూ లేరు.

పదకొండింటికి యజ్ఞేశ్వరి గారు చేతిలో కాగితంతో దాదాపు పరిగెత్తుకొచ్చారు. బొంజుబాబుకి అల్లం తవ్వే గునపం కళ్ళముందు మెదిలింది.

"బొంజుబాబూ! నిన్న పొద్దున్న నువ్వు కారు దగ్గరున్నావా?"

"మూత కాడ ఉన్నానండి."

"కారు తనంతట తను ఎక్కడికైనా వెళ్ళడం చూశావా?"

అతను ఆవిడ మొహంలోకి చూశాడు. అక్కడ కోపం లేదు. గుడిలో హారతి చూస్తున్నప్పటి కళ ఉంది.

"నాను మూత వేపే సూస్తానండి మేడమ్" అన్నాడు జాగ్రత్తగా.

ఆ కాగితంలో అభినందనలున్నాయి. 'రాష్ట్రములోనే మొట్టమొదటిసారిగా డ్రైవరు లేకుండా ఘాట్ రోడ్డుపై పద్నాలుగు కిలోమీటర్లు నడిచి క్షేమముగా తిరిగి వచ్చిన సర్కారు వాహనమునకు, దానిని సమన్వయించిన సంస్థకు.' డీడీ గారి పడిశం ఆ పూటే తగ్గింది. శాలువాతో దిగి, "మనం మొదటినుంచీ ఈ డైరెక్షన్లోనే కోఆర్డినేట్ చేస్తున్నాం. డ్రైవరు పోస్టు రద్దు చేసింది అందుకే" అని విలేకరులకి చెప్పారు.

వారానికల్లా కమిటీ వచ్చింది. అధ్యక్షుడు డాక్టర్ ప్రభంజనే. ఇప్పుడాయన తనే నడిచే వాహనాల నిపుణుడు. నిబంధనల పుస్తకం తెచ్చుకుని యజ్ఞేశ్వరి గారి ముందు తెరిచారు. "డ్రైవరు లేని కారుని పరీక్షించేటప్పుడు, భద్రత కోసం, అనుభవమున్న డ్రైవరొకడు డ్రైవరు సీట్లో కూర్చుని ఉండాలి. స్టీరింగు మీద చేతులుంచాలి. కాళ్ళు పెడళ్ళ మీద ఉండాలి. ఎవరున్నారు మీ దగ్గర?"

"ఈ పద్నాలుగు మలుపులూ తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడండి" అన్నారావిడ. "ప్రస్తుతం మూతలో ఉన్నాడు."

ఆ మధ్యాహ్నమే బొంజుబాబుని 'డ్రైవరు రహిత వాహన డ్రైవరు'గా నియమించారు. వెనకసీట్లో డాక్టరు గారు, డీడీ గారు, మోకాళ్ళమీద నోటుపుస్తకాలు. కారు గేటు దాటింది.

"అద్భుతం" అన్నారు డాక్టరు గారు. "ఎంత సహజంగా తిరుగుతోందో చూడండి. మనిషి తిప్పినట్టే ఉంది."

ఆరో మలుపులో కోడి అడ్డొచ్చింది. కారు ఆగింది. కోడి వెళ్ళింది. కారు వెళ్ళింది.

"కోడిని గుర్తుపట్టింది!" డాక్టరు గారు గబగబా రాసుకున్నారు. "ఏం బాబూ, నువ్వేమైనా చేశావా?"

"నానేటి సేస్తానండి? కూకున్నాను."

"వెరీ గుడ్. అలాగే కూర్చో."

తొమ్మిదో మలుపులో డీడీ గారికి వాంతి అయింది. కారు దానికీ ఆగింది. అధికారుల పట్ల వాహనానికి గల గౌరవం అని డాక్టరు గారు ప్రత్యేకంగా అండర్‌లైన్ చేశారు.

మర్నాడు అయిదున్నరకి బొంజుబాబు డ్రైవరు హోదాలో కారు దగ్గరికొచ్చాడు. ఆ రాత్రి మంచు గట్టిగా పడింది. మూత నొక్కాడు. రాలేదు. తను డ్రైవరయ్యాక మూత ఉష్ణీకరణ సహాయకుడి పోస్టు ఖాళీ అయింది. నోటిఫికేషను ఇంకా రాలేదు. వైరు పట్టుకుని నిలబడిపోయాడు.

బడ్డీలోంచి చిలకమ్మ కెటిల్‌తో వచ్చింది. అంచుల వెంట ధార పోసింది. కొంగుతో తుడిచింది. అరచేత్తో తట్టింది. టక్.

"ఇయేల కూడా రాస్తావేట్రా?" అంది కెటిల్ చంకన పెట్టుకుని.

బొంజుబాబు వైరు గుచ్చాడు. ఫోన్ తీశాడు. రిమార్కుల గడిలో, పంతొమ్మిదేళ్ళ సర్వీసులో మొదటిసారి, ఒకే ఒక్క మాట కొట్టాడు.

'లేవు.'